నీమోకు ఇల్లు కట్టే ముందు

పమిడిముక్కల మండలంలో ఏ ఊరి నుంచి బయల్దేరినా గంటా గంటన్నరలో మంగినపూడి బీచిలో కాళ్లు తడుపుకోవచ్చు. పడవలు తిరిగొచ్చే వేళకు గిలకలదిండి హార్బరుకు వెళితే సముద్రం ఏమేం ఇస్తుందో కళ్లారా చూడొచ్చు. అయినా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం కావాలని మారాం చేసే పిల్లలు అడిగే చేప మాత్రం ఆ పడవల్లో రాదు. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్లని పట్టీలున్న క్లౌన్ ఫిష్ అది. 2003లో పిక్సార్ సంస్థ తీసిన ‘ఫైండింగ్ నీమో’ వచ్చాక పిల్లలకు దాని అసలు పేరుతో పని లేకుండా పోయింది. దుకాణదారుడూ ‘నీమో’ అనే అంటాడు, బిల్లు మీదా అదే రాస్తాడు.

బందరు సముద్రంలో నీమో ఎందుకు లేదో తెలిస్తే, ఇంట్లో దాన్ని పెంచడానికి ఏం కావాలో సగం తెలిసినట్టే. క్లౌన్ ఫిష్ పగడపు దిబ్బల మధ్య, సీ అనిమోన్ అనే జీవి ముళ్ల చేతుల చాటున బతుకుతుంది. పగడాలు పెరగాలంటే ఎండ అడుగుదాకా దిగేంత తేటనీరు, ఏడాది పొడవునా పెద్దగా మారని ఉప్పదనం ఉండాలి. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఈ రెండూ లేవు. నది మోసుకొచ్చిన ఒండ్రు మట్టితోనే దివిసీమ ఏర్పడింది. ఆ మట్టే తీరం వెంట సముద్రాన్నీ బురదనీరుగా ఉంచుతుంది. మంగినపూడిలో ఇసుకకు బదులు నల్లమట్టి కాళ్లకు అంటుకునేది అందుకే. వరదల్లో ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తారంటే తీరం దగ్గరి నీటిలో ఉప్పు ఒక్కసారిగా పలచబడుతుంది. మన దేశంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలున్నవి అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్, తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ. నీమో రకమైన ఓసెల్లారిస్ క్లౌన్ ఫిష్ మన జలాల్లో అండమాన్ వైపే కనిపిస్తుంది.

కాబట్టి డెల్టాలోని ఇంట్లో ఈ తొట్టి పెట్టడమంటే బంగాళాఖాతం అవతలి ఒడ్డు వాతావరణాన్ని హాల్లో ఒక మూల తయారు చేయడం. అది అసాధ్యమేమీ కాదు. కాకపోతే చేపను కొనడం అందులో చిట్టచివరి పని.

ముందు నీరు

బందరు వెళ్లినప్పుడు నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్లు పట్టుకొస్తే సరిపోదా అన్న ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. సరిపోదు. తీరం నీటిలో మట్టి ఉంటుంది. రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీరు, దాంతోపాటు వచ్చే రోగక్రిములు, మందుల అవశేషాలు కూడా అందులో కలిసి ఉండొచ్చు. పోనీ ఉప్పు కలుపుకుందామా అంటే, వంటింటి ఉప్పు గానీ చినగంజాం మడుల్లో తీసిన రాళ్లుప్పు గానీ ఆ పనికి రావు. మడిలో సముద్రపు నీరు ఎండేటప్పుడు ముందు జిప్సం విడిపోతుంది, ఆ తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం లవణాలు మిగిలిన చేదునీటిని బయటికి వదిలేస్తారు. చేతికొచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు చేపకు ఆ విడిపోయినవీ, వదిలేసినవీ కూడా కావాలి. అందుకే అన్ని లవణాలూ తగిన పాళ్లలో కలిపిన ‘మెరైన్ సాల్ట్’ వాడతారు. 1964లో అమెరికాలో ‘ఇన్‌స్టంట్ ఓషన్’ పేరుతో అలాంటి మిశ్రమం అమ్మకానికి వచ్చాక, సముద్రం దరిదాపుల్లో లేని ఊళ్లలో కూడా ఈ చేపల్ని పెంచడం తేలికైంది.

నీటిని కొలిచి చూసుకునే విద్యలో మాత్రం ఈ ప్రాంతం వాళ్లు చాలామందికంటే ముందున్నారు. నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు వనామి రొయ్యలు సాగు చేసే రైతులకు సెలినిటీ, పీహెచ్, ఆల్కలినిటీ, అమోనియా అనేవి పుస్తకాల్లో మాటలు కావు, రోజూ చూసుకునే లెక్కలు. గట్టు మీద నిలబడి రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద రెండు చుక్కల నీళ్లు వేసి, కంటికి ఆనించి ఉప్పదనం చదవడం వాళ్లకు మంచినీళ్ల ప్రాయం. అక్వేరియానికి కావలసిన పరికరమూ అదే, అంకె మాత్రం వేరు. వనామి 5 పీపీటీలోనూ (లీటరు నీటికి ఇన్ని గ్రాముల ఉప్పు అని లెక్క) పెరుగుతుంది, 30లోనూ పెరుగుతుంది. పగడపు దిబ్బల చేపకు 33 నుంచి 35 మధ్య కావాలి, పైగా అక్కడే నిలకడగా ఉండాలి. పీహెచ్ 8 నుంచి 8.4, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా. చుట్టాల్లోనో స్నేహితుల్లోనో రొయ్యల రైతు ఉంటే పిల్లలకు మొదటి పాఠం ఆయన దగ్గరే చెప్పించవచ్చు.

చిన్న పిల్లలకు చిన్న తొట్టి చాలనే లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. నీరు ఎంత తక్కువైతే దాని గుణం అంత త్వరగా మారిపోతుంది. చేతి వేళ్ల సందుల్లోంచి నాలుగు మేత గుళికలు ఎక్కువ పడితే 30 లీటర్ల తొట్టి తెల్లారేసరికి పాడవుతుంది, 150 లీటర్లది తట్టుకుంటుంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టి నిండా పోస్తే 190 లీటర్లు పడుతుంది. అడుగున ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను 150 లీటర్ల నీరు అనుకోవచ్చు. అంటే ఆర్వో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు ఏడెనిమిది, దాదాపు ఐదున్నర కిలోల మెరైన్ సాల్ట్. బోరు నీళ్లు వద్దు, డెల్టాలో చాలాచోట్ల వాటిలో ముందే ఏవేవో లవణాలు ఉంటాయి. నింపిన తొట్టి బరువు 200 కిలోల పైమాటే కాబట్టి టీవీ స్టాండు మీద పెట్టే పని కాదు. గోడవారగా, ఎండ పడని చోట, ఇనుప స్టాండు మీద ఉండాలి.

నీరు సిద్ధమైంది కదా అని మర్నాడే చేపల్ని వదలకూడదు. చేప విసర్జించే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల సందుల్లో, ఫిల్టర్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చెరువులో రైతు ప్రోబయాటిక్ చల్లేది ఎందుకో, ఇక్కడ ఈ నిరీక్షణ కూడా అందుకే. ఆ నెలన్నరా పంపు తిరుగుతూ ఉంటుంది, తొట్టిలో చేప ఉండదు, బ్యాక్టీరియాకు అమోనియా అందేలా చిటికెడు మేత మాత్రం వేస్తుండాలి. పిల్లలు విసుక్కుంటారు. వారానికి రెండుసార్లు టెస్ట్ కిట్‌తో వాళ్ల చేతే నీటిని పరీక్ష చేయించి, గోడకు అంటించిన కాగితం మీద అమోనియా గీత పైకెక్కి మళ్లీ కిందికి దిగడం గీయిస్తే, కనిపించని పని ఏదో జరుగుతోందని వాళ్లకే అర్థమవుతుంది.

గుడివాడ ఎండాకాలం సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. ఒకే వేడిలో ఉన్న మంచినీటితో పోలిస్తే సముద్రపు నీటిలో కరిగే ఆక్సిజన్ దాదాపు ఐదో వంతు తక్కువ. నీరు వేడెక్కినకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగితే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉండి తీరాలి. నీటి మీదికి ఫ్యాను తిప్పితే ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతుంది. తీరం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంతకుమించి ఆశించలేం. ఏసీ లేని గదైతే చిల్లర్ ఖర్చును కూడా మొదటి రోజు లెక్కలోనే వేసుకోవాలి. నీరు ఆవిరైతే ఉప్పు వెనకే మిగులుతుంది, అందుకని తగ్గిన మేరకు రోజూ మంచినీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే ఉప్పదనం పెరుగుతూ పోతుంది.

పిల్లలకు నప్పే చేపలు

చేపను ఎంచేటప్పుడు రంగు చూసి మురిసిపోకుండా మూడు సంగతులు అడగాలి. ఎక్కడ పుట్టింది? ఎంత పెరుగుతుంది? ఏం తింటుంది? మంచినీటి రంగు చేపలు చాలావరకు చెరువుల్లో, తొట్లలో పుట్టి పెరిగినవే. సముద్రపు రంగు చేపల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ దిబ్బల మీద వల వేసి పట్టినవి. ఫిలిప్పీన్స్ జలాల్లో 1960ల నుంచి, ఆ తర్వాత ఇండోనేషియాలో, సయనైడ్ చల్లి చేపల్ని మత్తెక్కించి పట్టడం సాగింది. అలా పట్టిన చేప కొన్నప్పుడు బాగానే కనిపించి కొద్ది వారాల్లో చచ్చిపోవచ్చు. తెచ్చిన చేప పది రోజుల్లో తేలిపోతే పెద్దవాళ్లకు డబ్బు పోతుంది, పిల్లలకు ఆ సరదాయే పోతుంది.

మూడు ప్రశ్నలకూ చక్కగా జవాబు చెప్పే చేప మళ్లీ నీమోయే. హేచరీల్లో విరివిగా పుట్టించగలిగిన సముద్రపు రంగు చేపల్లో క్లౌన్ ఫిష్‌లదే ముందు వరస. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ తన విళింజం, మండపం కేంద్రాల్లో వీటి గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే పద్ధతుల్ని రూపొందించింది. తమిళనాడులో పరంగిపేటలోని అన్నామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రంలోనూ ఆ పని జరిగింది. హేచరీలో పుట్టిన పిల్లకు గాజు గోడ కొత్త కాదు, గుళికల మేత కొత్త కాదు. ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లకు మించి సాధారణంగా పెరగదు. సినిమాలో చూపినట్టు అనిమోన్ పక్కన ఉండాల్సిన అవసరమూ లేదు. నిజానికి అనిమోన్‌ను పెంచడం చేపకంటే కష్టం. దానికి చాలా వెలుతురు కావాలి, పాకుతూ వెళ్లి పంపులో ఇరుక్కుంటుంది, చచ్చిందంటే నీరంతా పాడుచేస్తుంది.

ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది చూసి రెండు పిల్లల్ని కలిపి తెచ్చుకుంటే మంచిది. క్లౌన్ ఫిష్‌లన్నీ మగవిగానే ఎదుగుతాయి. గుంపులో పెద్దదై పెత్తనం చేసే చేప ఆడదిగా మారుతుంది, దాని తర్వాతది మగదిగా జతకడుతుంది. కుదురుకున్న జత రాయి మీద గుడ్లు పెడితే, మగచేప వారం ఎనిమిది రోజులపాటు వాటికి కాపలా కాస్తూ రెక్కలతో నీళ్లు విసురుతుంది. హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం పుస్తకంలో దొరకని సంగతి ఇది. ఇంకొకటి కూడా ముందే చెప్పుకోవాలి. బాగా చూసుకుంటే ఈ చేప పదేళ్లు దాటి బతుకుతుంది. ఆరో తరగతిలో కొన్నది, ఆ పిల్లవాడు డిగ్రీ చదువుకు హాస్టల్‌కు వెళ్లేనాటికీ తొట్టిలో ఈదుతూనే ఉండొచ్చు. అప్పుడు మేత వేసేది అమ్మో నాన్నో అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

క్లౌన్ జతకు తోడుగా పెట్టదగినవి మరికొన్ని ఉన్నాయి. వెండి ఒంటి మీద నల్ల చారలున్న బంగాయ్ కార్డినల్ నెమ్మదైన చేప. మగచేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల్లో విపరీతంగా పట్టేయడంతో 2007లో ఇది అంతరించే ప్రమాదమున్న జాబితాకెక్కింది, కనుక హేచరీ చేపైతేనే కొనాలి. పసుపు రంగు వాచ్‌మన్ గోబీ ఇసుకలో బొరియ పట్టుకుని ఉంటుంది. దానికి పిస్టల్ ష్రింప్ అనే చిన్న రొయ్య జతగా దొరికితే చూసి తీరాల్సిందే. చూపు సరిగా ఆనని రొయ్య బొరియ తవ్వుతుంటుంది, మీసాన్ని గోబీకి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే గోబీ తోక ఆడిస్తుంది, రెండూ లోపలికి దూరతాయి. రొయ్యల సీమ పిల్లలకు ఇంతకంటే నచ్చే జంట దొరకదు. ఫైర్ ఫిష్ కూడా సాధుజీవే కానీ బెదిరితే ఎగిరి బయట పడుతుంది, తొట్టి మీద సన్నని నెట్ మూత ఉండాలి. 150 లీటర్లలో ఇవన్నీ కలిపి నాలుగైదు చేపలు దాటకూడదు. అన్నీ ఒకేరోజు కాకుండా రెండు మూడు వారాల తేడాతో వదలాలి.

చవకగా దొరికి, దేన్నయినా తట్టుకునే డామ్సెల్ రకాలను దుకాణాల్లో కొత్తవాళ్లకు అంటగడుతుంటారు. నల్ల ఒంటి మీద మూడు తెల్ల చుక్కలున్న డొమినో, నలుపు తెలుపు పట్టీల హంబగ్ పిల్లలుగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటాయి. ఎదిగాక తొట్టి మొత్తం తమదేనని మిగతావాటిని తరిమి కొరుకుతాయి. రాళ్లన్నీ పీకకుండా వాటిని మళ్లీ పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

వద్దని చెప్పాల్సినవి

నీమో తర్వాత పిల్లలు అడిగేది అదే సినిమాలోని డోరీని. ఆ నీలం చేప పేరు బ్లూ ట్యాంగ్. పిల్లగా ఉన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉన్నా ఒక అడుగు దాకా పెరుగుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. మూడడుగుల తొట్టి దానికి చాలదు. హేచరీలో దాన్ని పుట్టించడం 2016లో గానీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులకు సాధ్యం కాలేదు, మార్కెట్లో ఉన్నవి ఎక్కువగా సముద్రంలో పట్టినవే. అదే ఏడాది ‘ఫైండింగ్ డోరీ’ విడుదలైంది. ఆ సినిమా వల్ల ఈ చేపకు గిరాకీ పెరిగిందా అని పరిశోధకులు లెక్క చూసి 2019లో ‘ఆంబియో’ పత్రికలో ప్రకటించారు. ఇంటర్నెట్‌లో వెతికిన వాళ్లు పెరిగారు గానీ, అమెరికాకు దిగుమతులు పెరిగిన దాఖలా కనబడలేదు. సినిమా చూసి పిల్లలు అడగడం సహజం. కొనాలో వద్దో తేల్చేది పెద్దవాళ్లే.

బటర్‌ఫ్లై చేపల్లో చాలా రకాలు పగడపు జీవుల్నే తింటాయి, ఇంట్లో గుళికలు ముట్టక చిక్కిపోతాయి. మాండరిన్ చేపకు కంటికి ఆనని బతికున్న పురుగులు నిత్యం కావాలి. లయన్ ఫిష్ వీపు ముళ్లలో విషం ఉంటుంది, నీళ్లలో చెయ్యి పెట్టే పిల్లలున్న ఇంట్లో దానికి చోటు లేదు. బాక్స్ ఫిష్ బెదిరినా చచ్చినా ఒంట్లోని విషాన్ని నీటిలోకి వదిలి మిగతా చేపల్ని కూడా చంపగలదు.

కొన్నింటిని చట్టమే వద్దంటుంది. సముద్రపు గుర్రాలను, పగడాలను, సముద్ర దోసకాయలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలోకి తెచ్చారు. సముద్రపు గుర్రాన్ని ఎవరైనా సంచీలో పెట్టి తక్కువ ధరకు ఇస్తామన్నా, మన్నార్ తీరం నుంచి తెచ్చిన పగడపు రాయి అని చూపినా కొనకూడదు. రాళ్లు కావాలంటే సిరామిక్‌తో చేసినవి దొరుకుతాయి, బ్యాక్టీరియాకు అవే చాలు. 2017 మేలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ క్లౌన్ ఫిష్‌తో సహా 158 రకాల అక్వేరియం చేపల అమ్మకంపై ఆంక్షలు పెడుతూ నిబంధనలు తెచ్చి, వ్యాపారులు గగ్గోలు పెట్టడంతో తర్వాత వెనక్కి తీసుకుంది. ఇప్పుడు క్లౌన్ ఫిష్ పెంచుకోవడానికి ఆ అడ్డంకి లేదు.

దుకాణంలో అరగంట

దక్షిణాదిలో రంగు చేపల వ్యాపారానికి పెద్ద కేంద్రం చెన్నైలోని కొళత్తూరు. అక్కడి నుంచి ఆక్సిజన్ నింపిన సంచుల్లో ప్రయాణం చేసి వచ్చిన చేప అలసిపోయి ఉంటుంది. వచ్చిన రోజే కొనకుండా, దుకాణంలో వారం పది రోజులు గడిపినదాన్ని ఎంచుకోవాలి. మేత వేయించి చూడాలి, తినని చేపను ఎంత తక్కువకిచ్చినా తీసుకోకూడదు. మొప్పలు గబగబా కొట్టుకోవడం, ఒంటి మీద తెల్లటి రవ్వలాంటి చుక్కలు, లోపలికి పోయిన పొట్ట, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం రోగానికి గుర్తులు. ఇంటికొచ్చాక రొయ్య సీడును చెరువు నీటికి అలవాటు చేసినట్టే, సంచిలోకి తొట్టి నీటిని చుక్కచుక్కగా గంటసేపు వదిలి ఆ తర్వాతే చేపను మార్చాలి. సంచి నీటిని తొట్టిలో పోయకూడదు.

ఏ పని ఎవరిది

పదేళ్ల పిల్లలు మేత వేయగలరు. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. రైతు చెక్ ట్రే ఎత్తి మిగిలిన మేత చూసుకున్నట్టు, అడుగున గుళికలు పడి ఉన్నాయేమో చూసి మరుసటి పూట తగ్గించడం వాళ్లకు నేర్పవచ్చు. ఉప్పదనం చదవడం, వేడి రాసిపెట్టడం, చేపల్ని లెక్కపెట్టడం కూడా వాళ్ల పనులే. పదిహేను రోజులకోసారి పదో వంతు నీరు మార్చడం పెద్దవాళ్లు దగ్గరుండి చేయించాలి. కరెంటు తీగల జోలికి మాత్రం పిల్లల్ని రానివ్వకూడదు. ఉప్పునీటిలో కరెంటు బాగా ప్రవహిస్తుంది, కాబట్టి ఆ లైనుకు షాకు కొట్టకుండా ఆపే ఈఎల్‌సీబీ లాంటి బ్రేకర్ ఉండాలి. తీగ వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోకుండా వైరును కిందికి వంపు తిప్పి పైకి తేవాలి. చేతి మీద గాయం ఉంటే నీటిలో చెయ్యి పెట్టకూడదు, తొట్టి నీటిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియాతో మానని పుండ్లు రావచ్చు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంత ఖర్చు, ఇంత శ్రమ వద్దనుకునే కుటుంబాలకు మధ్యేమార్గం ఉంది. నాగాయలంక దిగువన మడ అడవుల మధ్య పాయల్లో నీరు పూర్తిగా ఉప్పూ కాదు, పూర్తిగా మంచినీరూ కాదు. ఆటుపోట్లకు, వరదకు ఉప్పదనం మారుతూ ఉంటే అలవాటుపడి బతికే చేపలు అలాంటి చోట్ల ఉంటాయి. అందుకే అవి ఇంటి తొట్టిలో చిన్నచిన్న తప్పుల్ని సహిస్తాయి. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా పుట్టించి పెంచే పద్ధతులు తేల్చిన పెర్ల్ స్పాట్, మచ్చల స్కాట్ ఈ కోవలోవే. వీటికి 10 పీపీటీ ఉప్పదనం కూడా చాలు కాబట్టి ఉప్పు ఖర్చు మూడో వంతుకు పడిపోతుంది. కాకపోతే ఇవి అరచేయంత, అంతకు మించీ పెరుగుతాయి. నాలుగడుగుల తొట్టిలో రెండు మూడింటికి మించి పెట్టలేం. పండుగొప్ప పిల్ల ముచ్చటగా ఉందని తొట్టిలో వేస్తే మాత్రం అది తోటి చేపలన్నిటినీ మింగి కూర్చుంటుంది.

ఏ కారణంతోనైనా పెంపకం మానేయాల్సి వస్తే చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా తొట్టి ఉన్న మరో ఇంటికి అప్పగించాలి. జాలిపడి పుల్లేరులోనో బందరు కాలువలోనో వదిలేయడం పొరపాటు. పగడపు దిబ్బల చేప మంచినీటిలో గంటల్లోనే చచ్చిపోతుంది. పాయల్లో బతికే రకమో మంచినీటి రకమో అయితే బతికి ఊరికే తలనొప్పి అవుతుంది. అట్లాంటిక్ సముద్రంలో లేని లయన్ ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో మొదట కనిపించి ఇప్పుడు కరీబియన్ అంతటా అక్కడి చేపల్ని తినేస్తోంది. అక్వేరియాల నుంచి బయటపడ్డవే దానికి మూలమని అంచనా. అంత దూరం వెళ్లనక్కర్లేదు. తొట్టి గోడల నాచు తింటుందని కొనుక్కున్న సక్కర్ క్యాట్‌ఫిష్, ఎదిగాక వదిలించుకోవడానికి కాలువల్లో పడేసిన చేప, ఇప్పుడు ‘దెయ్యం చేప’ పేరుతో కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో రైతుల వలల్ని చింపుతోంది, కట్ల, రోహులకు వేసిన మేతను తింటోంది.